కిందివాడకు ఒడి బియ్యం

తుపాను తీరం దాటింది ఎక్కడో కోస్తా జిల్లాల్లో. దాని ముసురు మాత్రం బోధన్ దాటి మంజీర ఒడ్డు దాకా వచ్చి, పిలవని చుట్టంలా తిష్ఠ వేసుకుని కూర్చుంది. కోసిన వడ్లు కల్లాల్లోనే మొలకెత్తాయి. పసుపు తోటల్లో పిక్కల లోతు నీళ్లు నిలిచాయి. వరికి నీళ్లుంటే సంబరం, పసుపుకు నీళ్లు నిలిస్తే చావు. దుంప ఒకసారి మెత్తబడిందంటే ఏడాది కష్టం కంపు కొట్టే గుజ్జుగా చేతికొస్తుంది.

లింగవ్వ యూరియా సంచిని తడవకుండా నెత్తి మీద కొప్పెరగా కప్పుకుని గట్టు మీద నిలబడింది. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. వంగి నీళ్లలో చెయ్యి పెట్టి, ఒక మొక్క మొదలు తడిమి, దుంపను బొటనవేలితో నొక్కి చూసింది. ఇంకా గట్టిగానే ఉంది. ఇవాళ నీళ్లు దిగకపోతే రేపటికి ఉండదు.

నీళ్లకు అడ్డం బండ్లబాట. మొరం పోసి ఎత్తు చేసిన బాట అది. దాని కింద తూము ఉంది గానీ ఎప్పుడో పూడిపోయింది. ప్రతి ఎండాకాలం పూడిక తీద్దామనుకుంటారు, ప్రతి ఎండాకాలం పెళ్లిళ్లు అడ్డం వస్తాయి. బాటకు ఇవతల పసుపు తోటలు, అవతల పల్లం. ఆ పల్లంలో కిందివాడ, దాన్ని దాటితే వాగు. ఒకప్పుడు చెరుకు నరకడానికి సరిహద్దు అవతల నుంచి వచ్చి, చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇక్కడే కూలికీ బీడీలకూ నిలిచిపోయినవాళ్లు కిందివాడ వాళ్లు. ఇంట్లో మరాఠీ, ఊళ్లో తెలుగు.

జేసీబీ వచ్చి బాట మీద నిలబడింది. దాన్ని పిలిపించింది రామ్‌దాస్. ఊరి అభివృద్ధి కమిటీకి పెద్ద ఆయనే, పసుపు తోటల్లో పెద్ద తోటా ఆయనదే. లింగవ్వ భర్త లక్ష్మీరాజం కూడా కమిటీ మనిషే. గొడుగు పట్టుకుని ఒకసారి తోట వంక, ఒకసారి పల్లం వంక చూస్తున్నాడు.

"ఏమంటవ్, లక్ష్మీరాజం? బాట తెంపుదామా?" అన్నాడు రామ్‌దాస్.

లక్ష్మీరాజం గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఏం సూస్తున్నవ్?" అంది లింగవ్వ. "పసుపు మునుగుతుంటె పంచాంగం సూస్తవా? తెంపుమను."

"నీళ్లు వాగులకే పోతయ్ గదా," అన్నాడు రామ్‌దాస్.

"ఆఁ, వాగులకే పోతయ్," అన్నాడు లక్ష్మీరాజం.

బాటకూ వాగుకూ మధ్య ఏముందో ఎవరూ అనలేదు. తెలియక కాదు. లింగవ్వ తెచ్చిన ఫ్లాస్కులోంచి డ్రైవరుకు చాయ్ పోసి, "జల్ది కానియ్యి బిడ్డా," అంది. జేసీబీ తొట్టి దిగి మొరాన్ని ఎత్తగానే నీళ్లు ముందు సన్నగా జారాయి, తర్వాత బాట అంచునే కొరుక్కుంటూ పోయాయి. తోటలో పసుపాకులు ఒకదాని తర్వాత ఒకటి తల బయట పెట్టాయి. లింగవ్వకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం ఎంత నిజమైనదో తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకు సిగ్గు వేసేది.

*

పొద్దెక్కేసరికి కిందివాడలో మట్టి గోడలు కూలాయి. మనుషులు పిల్లల్ని చంకనేసుకుని, మేకల్ని తోలుకుని ఊళ్లోకి ఎక్కొచ్చారు. ప్రాణాలకేం కాలేదు, అదొక్కటే దయ. పొయ్యిలు, చాపలు, బీడీలకు నానబెట్టుకున్న తునికాకు, కోళ్ల గంపలు అన్నీ పోయాయి.

"వాగు పొంగింది," అన్నాడు రామ్‌దాస్.

మధ్యాహ్నానికి ఊరంతా అదే మాట. ఒకడు చెబితే అబద్ధం, ఊరు చెబితే వార్త. కమిటీ డప్పు కొట్టించి, ఇంటికిన్ని బియ్యం, పప్పు, కట్టెలు ఇవ్వాలని చాటింపు వేయించింది. ఆ విషయంలో ఊరిని తప్పు పట్టడానికి లేదు. ఎవరూ లేదనలేదు. బడి గదులు తెరిచారు, వరండాలో రాళ్లు పేర్చి పొయ్యిలు వేశారు, కుల సంఘాల పెద్ద వంట గుండిగలు దింపారు. నాయకులు వచ్చేలోపు, ఆఫీసులు కదిలేలోపు, ఊరే వండింది, ఊరే వడ్డించింది.

వంట దగ్గర పెత్తనం లింగవ్వది. అడిగి మరీ తీసుకుంది. ఎసరు మరిగేదాకా పొయ్యి ముందే కూర్చునేది. పొగకు కళ్లు ఎర్రబడినా లేచేది కాదు. వంకాయలు తరిగితే తన చేతులతోనే తరగాలి, అన్నం వార్చాలన్నా తనే వార్చాలి. ఇంటికి పోయి కాసేపు నడుం వాల్చమంటే కసురుకునేది.

"లింగవ్వ అసొంటి మనిషి ఉండాలె ఊరికి," అనుకున్నారు ఆడవాళ్లు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా గరిటె ఇంకా గట్టిగా తిప్పేది.

బంతిలో అందరూ ఎదురెదురుగా కూర్చుని తింటే, పెంటవ్వ ఒక్కతే గోడ వైపు తిరిగి తినేది. ఏళ్లుగా లింగవ్వ తోటలో కలుపు తీసిన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు హైదరాబాదులో కూలికి పోతే, కోడలు నవతతో కిందివాడలో ఉంటోంది. తోటలో అందరితో పకపకా నవ్వుతూ సద్ది తినే మనిషి ఇక్కడ ఇలా ముఖం తిప్పుకుని తినడం లింగవ్వ రోజూ చూస్తూనే ఉంది.

ఒక పూట కూర వడ్డిస్తూ ఆగింది. "పెంటవ్వా, గోడతోని ముచ్చట పెడుతున్నవా? గిటు తిరుగు."

పెంటవ్వ తిరగలేదు. "గిట్లనే మంచిగున్నదక్కా."

"ఏం సిగ్గే? అందరికీ అచ్చే కష్టమే గదా. వాగు పొంగితె ఎవ్వరేం జేస్తరు?"

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "పొద్దుగాల ఇల్లు సూడవోయిన," అంది పెంటవ్వ, గోడతోనే మాట్లాడుతున్నట్టు. "గోడలు పోయినయ్ గని పొయ్యి అట్లనే ఉంది. పొయ్యిల ఒండు కూరుకపోయింది. తీస్తుంటె పసుపాకు ఎల్లింది, అక్కా. గింత పొడువు, పచ్చగ. వాగుల పసుపు పండుతదా?"

లింగవ్వ గరిటెలో కూర చల్లారిపోతోంది. "నీళ్లు గద. యాడియో యాడికో కొట్టుకపోతయ్," అంది.

"గంతే, గంతే," అంది పెంటవ్వ. కూర సరిపోయిందని చెయ్యి అడ్డం పెట్టింది.

*

వాన తెరిపిచ్చింది. పిల్లల చదువు పాడవుతోందని పంతుళ్లు కమిటీని అడగడం మొదలుపెట్టారు. రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్‌ఐ సారు నష్టం చూసి రాసుకోవడానికి వస్తున్నాడని కబురొచ్చింది. లక్ష్మీరాజం ఇంటి అరుగు మీద కమిటీ వాళ్లు కూర్చున్నారు. లింగవ్వ చాయ్ ఇచ్చి, గడప లోపల నిలబడింది.

"వాగు పొంగిందని రాస్తె ఏమైతది?" అడిగాడు లక్ష్మీరాజం.

"అది వాగు జాగ అంటరు. మళ్ల గాడ ఇండ్లు ఏసుకోనియ్యరు. కొత్త జాగ సర్కారు ఎన్నడిస్తదో దేవునికెరుక," అన్నాడు రామ్‌దాస్.

"మరి బాట తెంపినమంటె?"

"నీకేమన్న మతుందా? ఆళ్ల ఇండ్లు మనమే కట్టియ్యాలె. పైకెల్లి కేసు."

బాట మళ్లీ పూడ్చేశారు. అదే జేసీబీ, అదే మొరం. ఇక మిగిలింది మనుషుల నోళ్లు. రెండు పూటలా వండిపెట్టి, ఇక పోండి అని ఎలా అనాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు లింగవ్వ గడప దాటి వచ్చింది.

"ఉత్త సంచులల్ల బియ్యం పోసి పంపుతె బిచ్చం ఏసినట్టుంటది. ఆడోళ్లను కూసోబెట్టి ఒడి బియ్యం పోద్దాం. మనింటి ఆడబిడ్డలనుకొని పంపుదాం."

లక్ష్మీరాజం కళ్లు తడిసినంత పనైంది. పరాయి ఊరి నుంచి వచ్చిన కూలోళ్లకు ఒడి నింపడం ఆ ఊళ్లో ఎన్నడూ జరగలేదు. పుట్టిల్లు కూతురికి చేసే మర్యాద అది. లింగవ్వకు కూడా తన మాట తనకే గొప్పగా తోచింది, చాలా రోజులకు గుండె కాస్త తేలికపడింది.

రామ్‌దాస్ మాత్రం తొడ చరిచి నవ్వాడు. "శబాష్, వదినా! ఒడి బియ్యం పట్టిన ఆడబిడ్డ పుట్టింటి గుట్టు బయట పెడ్తదా? ఆర్‌ఐ సారు అచ్చే పొద్దుకే పెడదాం."

తన ఉద్దేశం అది కాదని లింగవ్వ అనాలి. అనలేదు. ఖాళీ చాయ్ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుని లోపలికి పోయింది.

*

బియ్యానికి పసుపు తనే కలిపింది. పోయినేడు తన తోటలో పండింది, తన ఇంట్లో ఉడికింది, ఆ పసుపు. పెద్ద పరాతంలో బియ్యం పోసి, చారెడు నూనె చిలకరించి, రెండు చేతులతో అడుగు నుంచి పైకి తిప్పుతూ ఉంటే బియ్యం తెలుపు పోయి పచ్చబడింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవిక గుడ్డలు పళ్లేల్లో సర్దారు. ఊరి ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకుని వచ్చారు.

బడి వరండాలో కిందివాడ ఆడవాళ్లను చాపల మీద వరసగా కూర్చోబెట్టారు. తలంట్లు పోసుకుని, ఊరిచ్చిన చీరలే కట్టుకుని, ఒడి పట్టుకుని కూర్చున్నారు. కొందరి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఈ ఊళ్లో తమను పేరు పెట్టి పిలిచినవాళ్లే తక్కువ, ఇప్పుడు కాళ్లకు పసుపు రాస్తున్నారు.

పెంటవ్వ ఆ వరసలో లేదు. చాపలు పరుస్తుండగానే లేచి నల్లా దగ్గరికి పోయి, మాడిన గుండిగను బోర్లించి, బూడిదతో తోమడం మొదలుపెట్టింది. ముండమోసిన మనిషికి ఒడి పోయరు. ఆమెను ఎవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. ఎవరింట్లోనైనా అంతే కదా అని అందరూ ఊరుకున్నారు. గుండిగ మీద పీచు గీరే చప్పుడు వినపడినప్పుడే లింగవ్వకు ఆ సంగతి తట్టింది. అన్ని ఏర్పాట్లు చేసిన తను, అన్నీ గుర్తుపెట్టుకున్న తను, పెంటవ్వ ఒక్కదాన్నే మరిచిపోయింది. అయినా బియ్యం చేతిలో ఉంది, వరస ఎదురుగా ఉంది.

మొదట నవత. లింగవ్వ బొట్టు పెట్టి, దోసిళ్లతో బియ్యం ఒడిలో పోసింది. కుడుకలు పెట్టింది, రవిక గుడ్డ పెట్టింది. నవత ఆనవాయితీ తప్పకుండా పిడికెడు బియ్యం తీసి మళ్లీ లింగవ్వ కొంగులో వేసింది. పుట్టిల్లు చల్లగా ఉండాలని అలా వేస్తారు. లింగవ్వ ఆ పిడికెడు బియ్యాన్ని కొంగులో ముడి వేసుకుంది.

వరస చివరిదాకా ఒడులు నిండాయి. ఇక లేవాలి. ఎవరూ లేవలేదు.

"అవ్వా," అంది నవత మెల్లగా. "గీ బియ్యం యాడ వండుకోవాలె?"

"ఏంది బిడ్డా?"

"ఒడి బియ్యం ఇంటికి తీస్కపోయి మన పొయ్యి మీద వండుకోవాలంటరు గదా. దేవునికి పెట్టి, పక్కోళ్లకింత పెట్టాలంటరు." నవత వెటకారం ఆడలేదు. నిజంగానే అడిగింది. పెద్దవాళ్లను తెలియని ఆనవాయితీ అడిగినట్టు అడిగింది.

పసుపు నుంచి ఖర్జూరం దాకా అన్నీ ఆలోచించిన ఊరికి ఒక్క పొయ్యి సంగతే తట్టలేదు. ఆడవాళ్లు నిండిన ఒడులు రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చున్నారు. కింద పెట్టడానికి లేదు, పట్టుకుని పోవడానికి చోటు లేదు.

"గీన్నే వండుకోన్రి, ఏమైతది?" అన్నాడు రామ్‌దాస్ దూరం నుంచి.

"ఒడి బియ్యం బడిల వండుతరా?" అని ఊరి ఆడవాళ్లే గొణిగారు.

అంతలో ఆర్‌ఐ సారు మోటారు సైకిలు గేటు ముందు ఆగింది. కుర్రవాడే, మర్యాదస్తుడే. వరండా చూసి చెప్పులు బయటే విడిచాడు. "చాలా బాగా చేస్తున్నారు, అన్నా," అన్నాడు రామ్‌దాస్‌తో. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, "అమ్మా, ఒక్క మాట. నీళ్లు ఎట్ల వచ్చినయ్?" అని అడిగాడు.

"వాగు పొంగింది సారూ," అన్నాడు రామ్‌దాస్.

"వాళ్లను చెప్పనియ్యండి."

నవత తల దించుకుని ఒడిలోని పచ్చ బియ్యం చూసుకుంది. ఆమె పక్క మనిషి కొంగు సర్దుకుంది. ఆ పక్క మనిషి కుడుకను అటు తిప్పి ఇటు తిప్పింది. కాళ్లకు రాసిన పసుపు తడి ఇంకా ఆరలేదు. పుట్టిల్లు అనుకున్న చోట, పుట్టింటి మీద ఎలా చెబుతారు? తను దోసిళ్లతో ఏం పోసిందో లింగవ్వకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. రామ్‌దాస్ నవ్వుతూ అన్న మాటను తను ఒళ్లొంచి చేసి పెట్టింది. భూమి చీలితే బాగుండునని ఊరికే అనరు.

నల్లా దగ్గర గీరే చప్పుడు ఆగిపోయింది.

"వాగు పొంగలే, సారూ," అంది పెంటవ్వ.

బూడిద చేతులతోనే లేచి నిలబడింది. గొంతు పెద్దగా లేదు. "వాగు మాకు కింద ఉంది. నీళ్లు పైకెల్లి అచ్చినయ్. పసుపు తోటలకెల్లి."

"అది ఎప్పుడూ అంతే, సారూ. మొగడు పోయినకాంచి మనసు మనసుల ఉండది," అన్నాడు రామ్‌దాస్. అని పెంటవ్వ వైపు కళ్లెర్ర చేశాడు. "గిన్నొద్దులు తిండి పెట్టిన ఊరిని పట్టుకొని గట్ల మాట్లాడ్తరా?"

"నాకు ఒడి పొయ్యలేదన్నా," అంది పెంటవ్వ. "నేను మీ ఆడబిడ్డను గాను. పుట్టింటి గుట్టు నాకెందుకుంటది?"

ఊరి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆర్‌ఐ సారు రామ్‌దాస్ వంక చూసి, పెంటవ్వ వంక చూశాడు. "నువ్వు చూసినవా, అమ్మా? ఎవరన్న సాక్ష్యముందా?"

చూడలేదు కాబట్టి పెంటవ్వ చూశానని అనలేదు. ఆమె దగ్గర ఉన్నది పొయ్యిలో దొరికిన పసుపాకు, అది ఈపాటికి ఎండిపోయి ఉంటుంది. ఆమె లింగవ్వ వైపు కూడా చూడలేదు. చూసి ఉంటే, బతిమాలినట్టు ఒక్క చూపు చూసి ఉంటే, లింగవ్వ తల తిప్పుకునేదేమో. ఎవరి నుంచీ ఏమీ ఆశించకుండా మళ్లీ గుండిగ దగ్గర కూర్చోబోతున్న ఆ మనిషిని చూసి లింగవ్వ ఉండబట్టలేకపోయింది.

చేతిలోని పళ్లెం కింద పెట్టింది.

"తెంపిన జాగ నేను సూపెడ్త. నడువుండ్రి, సారూ."

"లింగవ్వా!" అన్నాడు లక్ష్మీరాజం. పెళ్లయిన ఇన్నేళ్లలో నలుగురిలో ఆమెను పేరు పెట్టి అరవడం అదే మొదలు.

ఆమె మెట్లు దిగింది. వెనక ఆర్‌ఐ సారు చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఆ వెనక, ఒడి బియ్యం అలాగే పట్టుకుని నవత లేచింది. నవతను చూసి మిగతావాళ్లూ లేచారు.

*

బండ్లబాట మీద పూడ్చిన చోటు దాచినా దాగేది కాదు. పాత మొరం నల్లబడి ఉంటే, కొత్త మొరం ఎర్రగా కొట్టొచ్చినట్టు కనపడుతోంది. ఇవతల లింగవ్వ పసుపు తోట నిటారుగా, నిగనిగలాడుతూ ఉంది. అవతల పల్లంలో గడ్డి మొత్తం కిందివాడ వైపే పడుకుని ఉంది. ఒండు మీద అక్కడక్కడా పసుపాకులు.

ఆర్‌ఐ సారు ఫోనుతో ఫొటోలు తీసుకున్నాడు. "ఎవరు తెంపిన్రు?"

"మేమే."

"మేమంటే?"

లక్ష్మీరాజం రాలేదు. బాట మొదట్లో ఆగిపోయి, పొలం చూసుకుంటున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. రామ్‌దాస్ ఫోను చెవిన పెట్టుకుని ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఇంటికి పోయాక ఏమవుతుందో, రేపటి నుంచి కమిటీ తమ ఇంటిని ఎలా చూస్తుందో లింగవ్వకు తెలుసు. ఊరితో తెగతెంపులంటే ఏమిటో ఆ ఊళ్లో పుట్టిన అందరికీ తెలుసు.

"తోట మాది. రామ్‌దాసుదీ ఉంది, ఇంకొందరియీ ఉన్నయ్. మావోడు ఎనకకు జంకిండు, సారూ. తెంపుమన్నది నేను. డ్రైవరుకు చాయ్ పోసిన. జల్ది కానియ్యుమన్న." పల్లం వైపు చెయ్యి చాపింది. "కింద ఇండ్లున్నయని తెలుసు. తెలిసే అన్న."

ఆర్‌ఐ సారు పల్లంలోకి దిగి, గోడలు కూలిన చోటు వైపు నడిచాడు. నవతా, మిగతా ఆడవాళ్లూ ఒడులు పట్టుకుని, ఒండులో కాళ్లు కూరుకుపోకుండా చూసుకుంటూ ఆయన వెంట పోయారు. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో చేతులతో చూపించడానికి లేదు కాబట్టి తలలతో చూపిస్తున్నారు. ఇప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, సగం తెలుగు, సగం మరాఠీ.

పెంటవ్వ మాత్రం బాట మీద ఆగింది. బూడిద చేతులు చీరకు తుడుచుకుంది.

పెంటవ్వ ఏదో ఒకటి అంటుందని లింగవ్వ ఎదురుచూసింది. మంచి పని చేశావని అనకపోయినా, పోనియ్యక్కా అని అంటుందేమో అనుకుంది. ఆ ఆశ కలిగినందుకు కూడా ఆమెకు సిగ్గేసింది.

"గీ మాట గా దినమే చెప్తె అయిపోతుండె గదా, అక్కా," అంది పెంటవ్వ. కోపం లేదు, చనువూ లేదు. "గప్పుడు గా బువ్వ మాకు రావాల్సిన బువ్వ అయితుండె. నేను గోడ దిక్కు తిరిగి తినకపోదును."

అని పల్లంలోకి దిగి, తన పొయ్యి ఉన్న చోటికి నడిచింది.

లింగవ్వ కొంగు ముడిలో నవత వేసిన పిడికెడు బియ్యం అలాగే ఉంది. దాన్ని విప్పడానికీ చేతులు రాలేదు, కట్టుకుని ఇంటికి పోవడానికీ కాళ్లు రాలేదు. కొత్త మొరం మీద నిలబడే ఉంది. అది ఇంకా గట్టిపడలేదు, కాళ్ల కింద మెత్తగా దిగుతోంది.